మంచు ఆటల క్రీడాకారులు విటమిన్లు, ఖనిజాలు ఎలా ప్లాన్ చేసుకోవాలి: మే నుంచి మార్చి దాకా

ఈ గైడ్ ముఖ్యంగా క్రాస్ కంట్రీ స్కీయింగ్, బయాథ్లాన్ (స్కీయింగ్, తుపాకీ గురి కలిసిన ఆట) చేసేవాళ్లకు, వాళ్ల కోచ్‌లకు, వాళ్లకు వండిపెట్టేవాళ్లకు. స్కీ జంపింగ్, ఫిగర్ స్కేటింగ్ సంగతి తేడాగా ఉన్నచోట విడిగా చెప్పాం. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ స్కీయర్లకు శిక్షణ సంవత్సరం మే నెలలో మొదలవుతుంది. ప్రపంచ కప్ నవంబరు చివర్లో మొదలై మార్చి దాకా నడుస్తుంది. కింద చెప్పిన నెలలన్నీ ఆ క్యాలెండర్‌వే.

మాత్రల డబ్బా కొనడం ఆఖరి పని. ముందు తిండి సరిపోతోందో లేదో లెక్క తేలాలి. ఆ తర్వాత రక్తపరీక్ష. అందులో తక్కువ తేలినదాన్ని మాత్రమే, సరైన వేళకు వేసుకోవాలి. ఈ వరుస తిరగేస్తే డబ్బు దండగ కావడమే కాదు, కొన్నిటితో శిక్షణకే గండి పడుతుంది. అదెలాగో విటమిన్ సి దగ్గర చూద్దాం.

1. ముందు కెలోరీల లెక్క

నాలుగు రోజులు తిన్నదంతా రాయండి. అందులో ఒకటి గట్టి శిక్షణ ఉన్న రోజు, ఒకటి విశ్రాంతి రోజు అయ్యుండాలి. బ్రెడ్డు ఎన్ని ముక్కలని కాదు, ఎన్ని గ్రాములని రాయాలి. ట్రాక్ మీద తాగిన స్పోర్ట్స్ డ్రింకు, జేబులో వేసుకుని వెళ్లిన జెల్ కూడా లెక్కలోకే వస్తాయి.

ఇప్పుడు ఈ లెక్క వేయండి. 60 కిలోల మహిళా స్కీయర్, ఒంట్లో కొవ్వు 17 శాతం అనుకుందాం. కొవ్వు తీసేస్తే మిగిలే బరువు దాదాపు 50 కిలోలు. ఈ బరువులో కిలోకు 45 కిలో కెలోరీల చొప్పున 2250. రెండు పూటలా కలిపి మూడు గంటల స్కీయింగ్‌కు మరో 1800. మొత్తం 4050. ఆమె రోజుకు 3200 తింటోందంటే చూసేవాళ్లకు బాగా తింటున్నట్టే ఉంటుంది. కానీ శిక్షణకు పోయిన 1800 తీసేస్తే శరీరానికి మిగిలేది 1400, అంటే కిలోకు 28. 30 కిందికి పోతే నెలసరి తప్పడం, ఎముక బలహీనపడటం, ఇనుము పడిపోవడం వరుసగా మొదలవుతాయి. ఆ పరిస్థితిలో మల్టీ విటమిన్ ఇచ్చినా ప్రయోజనం దాదాపు సున్నా. 4050 అనేది పెంచి చెప్పిన అంకె కాదు. స్వీడన్ జాతీయ జట్టు శిక్షణ శిబిరంలో కొలిచి 1994లో వెలువరించిన లెక్కల్లో మహిళలు రోజుకు దాదాపు 4400, పురుషులు దాదాపు 7200 కిలో కెలోరీలు ఖర్చు చేస్తున్నట్టు తేలింది.

అంత తిండి తింటే చాలా విటమిన్లు, ఖనిజాలు వాటంతటవే నిండిపోతాయి. సాధారణంగా మిగిలిపోయే లోటు రెండే: విటమిన్ డి, మహిళల్లో ఇనుము. కానీ రాసుకున్న కాగితంలో దాదాపు సగం కెలోరీలు జెల్, స్పోర్ట్స్ డ్రింకు, తెల్ల పాస్తా, చాక్లెట్ల నుంచే వస్తుంటే ఈ మాట వర్తించదు. శిక్షణ గంటల్లో తీపి అవసరమే. భోజనం బల్ల దగ్గర కూడా అవే ఉంటే చిక్కు.

స్కీ జంపర్లకు తేలికగా ఉంటే దూరం ఎగరొచ్చన్న ఆశ ఎప్పుడూ ఉంటుంది. అందుకే అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2004-05 నుంచి బరువు మరీ తక్కువున్నవాళ్లకు స్కీల పొడవు తగ్గించే నియమం పెట్టింది. జంపర్ల విషయంలో ఈ మొదటి మెట్టు దాటకుండా మిగతావి మాట్లాడటం వృథా. నెలసరి తప్పినవాళ్లు తిండి పెంచుతూనే, వైద్యుల సలహాతో కాల్షియం రోజుకు 1500 మిల్లీగ్రాములు, విటమిన్ డి 1500 నుంచి 2000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) అందేలా చూసుకోవాలి.

2. రక్తపరీక్ష ఎప్పుడు, ఎలా

ఏడాదికి మూడు సార్లు చాలు: మే మొదట్లో, ఎత్తైన చోట శిబిరానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, జనవరిలో. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందో చెప్పేది), 25-హైడ్రాక్సీ విటమిన్ డి, బి12 అడగండి. ఒంట్లో వాపును పట్టిచ్చే సీఆర్పీ పరీక్ష కూడా చేయించండి. ఎందుకంటే ఫెరిటిన్ ఒంట్లో ఇనుము నిల్వను చెప్పడమే కాదు, జలుబు, జ్వరం, కండరాల వాపు ఉన్నా పైకి లేస్తుంది. నిన్న 30 కిలోమీటర్ల రేసు చేసి ఇవాళ రక్తం ఇస్తే, నిల్వ లేకపోయినా కాగితం మీద 50 కనిపించవచ్చు.

కాబట్టి పొద్దున్నే, పరగడుపున, నీళ్లు తాగి వెళ్లండి. ముందు రోజు తేలికపాటి శిక్షణే ఉండాలి. జలుబు చేసి ఉంటే పరీక్ష వాయిదా వేయండి. జుట్టు, గోళ్ల కోసం అమ్మే బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే ల్యాబ్ వాళ్లకు చెప్పి, రెండు మూడు రోజుల ముందే ఆపండి. ఆ మోతాదుల్లో బయోటిన్ కొన్ని పరీక్ష యంత్రాల లెక్కను తప్పుదారి పట్టిస్తుంది. థైరాయిడ్ అంకెలు కూడా తారుమారవుతాయి.

రిపోర్టు చదివేటప్పుడు యూనిట్లు చూసుకోండి. యూరప్‌లో విటమిన్ డి లీటరుకు నానోమోల్స్‌లో ఇస్తారు, మన దగ్గర మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో. మన అంకెను 2.5తో గుణిస్తే వాళ్ల అంకె వస్తుంది. ఫెరిటిన్‌కు రెండు చోట్లా అంకె ఒకటే.

3. ఇనుము: ఎక్కువ తప్పులు ఇక్కడే

ల్యాబ్ కాగితం మీద ఫెరిటిన్ 15 దాటితే నార్మల్ అని ఉండొచ్చు. ఓర్పు క్రీడల్లో ఉన్నవాళ్లకు ఆ గీత పనికిరాదు. క్రీడా వైద్యులు వాడే మెట్లు ఇవి. ఫెరిటిన్ 35 కంటే తక్కువుండి మిగతావి బాగుంటే నిల్వ తరుగుతోందని అర్థం. 20 కంటే తక్కువుండి ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా 16 శాతం కిందికి పోతే, ఎర్ర రక్తకణాల తయారీకే ఇనుము చాలడం లేదు. ఫెరిటిన్ 12 కిందికి, హిమోగ్లోబిన్ 11.5 కిందికి వస్తే అది రక్తహీనత. మూడో మెట్టు దాకా ఆగేవాళ్లు ఆ సీజన్‌ను దాదాపు వదులుకున్నట్టే.

ఎత్తైన చోట శిబిరం ఉంటే దీని అవసరం రెట్టింపవుతుంది. ఇటలీలోని లివిన్యో 1800 మీటర్ల ఎత్తున ఉంది, ఫ్రాన్స్‌లోని ఫాం రొమ్యూ కూడా ఇంచుమించు అంతే. మన గుల్‌మర్గ్ 2650 మీటర్లు. అక్కడ మూడు నాలుగు వారాలు ఉండేది కొత్త ఎర్ర రక్తకణాల కోసమే కదా, ఇనుము లేకుండా అవి తయారు కావు. ఫెరిటిన్ 35 కింద ఉండగా శిబిరానికి వెళ్తే చివరికి మిగిలేది ఖర్చే, హిమోగ్లోబిన్ పెరగదు. తక్కువుంటే కనీసం రెండు మూడు వారాల ముందే వైద్యుల పర్యవేక్షణలో ఇనుము మొదలుపెట్టి, శిబిరంలోనూ కొనసాగించాలి. సాధారణంగా ఇచ్చేది రోజుకు దాదాపు 100 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్. డబ్బా మీద పెద్దగా రాసిన అంకె మొత్తం ఇనుము కాదు: 325 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో ఉండే ఇనుము 65 మిల్లీగ్రాములే.

వేళ సంగతికొస్తే, గట్టి శిక్షణ అయ్యాక మూడు నుంచి ఆరు గంటల మధ్య కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. అది పేగుల్లో ఇనుము దారిని మూసేస్తుంది. ఉదయం తొమ్మిదిన్నరకు స్కీయింగ్ ముగించి, మధ్యాహ్నం రెండింటికి మాత్ర మింగితే అందులో చాలా భాగం ఎక్కడా అంటకుండా పోతుంది. ఎక్కేది మలబద్ధకమే. అందుకే పొద్దున శిక్షణకు ముందు వేసుకోండి, లేదా శిక్షణ ముగిసిన అరగంటలోపు. రోజుకు రెండు పూటలా శిక్షణ చేసేవాళ్లకు సాయంత్రం మాత్ర అన్నిటికన్నా చెడ్డ వేళ.

మాత్రతో పాటు ఒక గ్లాసు నారింజ రసం తాగండి. కాఫీ, టీకి గంట ఎడం ఉండాలి. పాలు, పెరుగు, కాల్షియం మాత్రకు రెండు గంటలు. గుల్‌మర్గ్‌లో శిక్షణకు వెళ్లినవాళ్లు నూన్ చాయ్‌ని (కశ్మీరీ ఉప్పు టీ) భోజనంతో కలిపి తాగే అలవాటును ఆ నెల పాటు మానుకోవాలి. భోజనం అయిన గంటన్నర తర్వాత ఎంత తాగినా పరవాలేదు.

కడుపు నొప్పి, వికారం వస్తే మాత్ర మానేయకండి. రోజు విడిచి రోజు వేసుకోండి. ఒక రోజు మోతాదు మరుసటి రోజు కూడా హెప్సిడిన్‌ను పెంచి ఉంచుతుంది కాబట్టి, నిల్వ మరీ అడుగంటనివాళ్లకు రోజు విడిచి రోజు పద్ధతిలో ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఇనుము ఒంటబడుతుంది. ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. అంకె కదలకపోతే మోతాదు పెంచే ముందు రెండు చూడండి: మొదటి మెట్టులోని కెలోరీల లెక్క, నెలసరిలో పోతున్న రక్తం. గోధుమలోని గ్లూటెన్ పడక పేగులు దెబ్బతినే సీలియాక్ వ్యాధి కూడా ఇలాగే బయటపడుతుంటుంది.

సెలైన్‌లో కలిపి ఎక్కించే ఇనుము వేగంగా పనిచేస్తుంది కదా అని చాలామంది అడుగుతారు. ఆసుపత్రి చికిత్సలో భాగంగా తప్ప, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరంలోకి ఏది ఎక్కించినా ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిబంధనల ప్రకారం నిషిద్ధం. అందులో ఉన్నది ఉత్త విటమిన్లే అయినా సరే. ఊళ్లో క్లినిక్కులో నీరసానికి ఒక బాటిల్ పెట్టించుకోవడం మనకు మామూలే. పోటీల జాబితాలో ఉన్న క్రీడాకారులు దాని జోలికి పోకూడదు.

ఫెరిటిన్ బాగున్నవాళ్లు ముందు జాగ్రత్త అనుకుంటూ ఇనుము వేసుకోవద్దు. ఒంట్లో చేరిన అదనపు ఇనుము బయటికి పోయే దారి లేదు. ఒంట్లో ఇనుము అతిగా పేరుకునే హీమోక్రొమటోసిస్ అనే జన్యు సమస్య ఉత్తర యూరప్ వాళ్లలో అరుదేమీ కాదు.

4. విటమిన్ డి

నార్వేలోని లిలెహామర్ 61 డిగ్రీల అక్షాంశంలో ఉంది, ట్రోన్‌హైమ్ 63లో. అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడి ఎండలో చర్మం విటమిన్ డి తయారుచేసే యూవీబీ కిరణాలు దాదాపు ఉండవు. మంచు మీద ఎండ ఎంత మిరుమిట్లు గొలిపినా లాభం లేదు. పైగా ఒంటి మీద బయట కనిపించేది ముఖమే. ఫిగర్ స్కేటర్లకు, షార్ట్ ట్రాక్ స్కేటింగ్ రేసుల వాళ్లకు వేసవిలోనూ ఇదే గతి, వాళ్ల శిక్షణంతా పైకప్పు కిందే. చామనఛాయ, నలుపు ఒళ్లున్నవాళ్లకు అదే ఎండ మరింత సేపు కావాలి. మినియాపొలిస్‌లోనో కాల్గరీలోనో స్కీ క్లబ్బులో చేరిన తెలుగు పిల్లలు తోటి పిల్లల కంటే తక్కువ అంకెతో సీజన్ మొదలుపెట్టడానికి కారణం ఇదే.

లక్ష్యం: 30 నానోగ్రాములు, అంటే 75 నానోమోల్స్. 20 కింద ఉంటే లోపం కిందే లెక్క. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా రోజుకు 1000 నుంచి 2000 ఐయూ డి3, రోజులో కొవ్వు ఎక్కువున్న భోజనంతో వేసుకోండి. వైద్యులు చెప్పకుండా రోజుకు 4000 దాటకండి. 40 ఐయూలు ఒక మైక్రోగ్రాముకు సమానం. నార్వేలో ఇంటింటా ఉండే కాడ్ లివర్ ఆయిల్, వాళ్లు ట్రాన్ అంటారు, ఒక టీస్పూన్‌లో 10 మైక్రోగ్రాములు ఇస్తుంది. సాల్మన్ 100 గ్రాముల్లో రకాన్ని బట్టి 7 నుంచి 11 దాకా ఉంటుంది. వారానికి మూడు సార్లు తిన్నా చలికాలంలో అదొక్కటే చాలదు.

మన దగ్గర మెడికల్ షాపులో దొరికే 60,000 ఐయూ పొడి ప్యాకెట్ సంగతి వేరే. అది వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, లోపం తేలినవాళ్లకు. బాగుందని నెలల తరబడి సాగదీస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీ సమస్యలు వస్తాయి. రోజుకొకటి చొప్పున వేసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఇది విషమే అవుతుంది.

ట్రాన్ తాగుతూనే మల్టీ విటమిన్ వేసుకునేవాళ్లు రెండు లేబుళ్ల మీద ఉన్న విటమిన్ ఎ కూడండి. రెటినాల్ రూపంలో రోజుకు 3000 మైక్రోగ్రాములు గరిష్ఠ పరిమితి. 100 గ్రాముల బీఫ్ లివర్‌లోనే దాదాపు 5000 ఉంటుంది. ఇనుము కోసమని లివర్‌ను వారానికి నాలుగు సార్లు తినిపించే కోచ్‌లు ఈ లెక్క మరిచిపోతారు.

5. కాల్షియం, అయోడిన్, బి12

కాల్షియం రోజుకు 1000 మిల్లీగ్రాములు. పాలు, పెరుగు, చీజ్ తినేవాళ్లకు మాత్ర అక్కర్లేదు. తిననివాళ్లు కాల్షియం కలిపిన సోయా పాలు తాగే ముందు డబ్బాను బాగా కుదపాలి, కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది. 100 గ్రాముల రాగిపిండిలో 360 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. కానీ ఇనుము మాత్ర వేసుకునే వేళకు రాగి జావ వద్దు.

అయోడిన్ విషయంలో దేశాన్ని బట్టి తేడా ఉంది. మన ఉప్పులో అయోడిన్ ఉంటుంది. నార్వే ఉప్పులో చాలాకాలం నామమాత్రంగానే ఉండేది, అక్కడివాళ్లకు అది పాలు, కాడ్ చేప నుంచి వస్తుంది. పాలు, చేపలు రెండూ ముట్టని క్రీడాకారులు నార్వేలో ఏడాది ఉంటే రోజుకు 150 మైక్రోగ్రాములు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసుకోవాలి. సెలీనియానికీ ఇలాంటి కథే ఉంది: ఫిన్లాండ్ నేలలో అది తక్కువ కాబట్టి 1980ల మధ్య నుంచి ఎరువుల్లోనే కలుపుతున్నారు. అక్కడ తినేవాళ్లకు సెలీనియం మాత్ర దండగ.

శాకాహారులకు బి12 మాత్ర తప్పనిసరి అనుకోండి. పాలు, పెరుగు తింటున్నాం కదా అంటారు, రిపోర్టులో 200 కిందే కనిపిస్తుంది. ఇనుము అవసరం కూడా మాంసం తినేవాళ్ల కంటే దాదాపు 1.8 రెట్లు. శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. ఇడ్లీ, దోసె పిండి పులిస్తే ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ తగ్గుతుంది. ఆ ప్లేటులోనే నిమ్మకాయ పిండండి.

6. జలుబు కాలంలో సి, ఇ, జింక్

ఇక్కడ రెండు నిజాలు ఎదురెదురుగా ఉన్నాయి. స్కీయర్లు, మారథాన్ రన్నర్లు, అతిచలిలో శిక్షణ పొందే సైనికుల మీద జరిగిన ప్రయోగాలు కలిపి చూస్తే, రోజూ విటమిన్ సి వేసుకున్నవాళ్లకు జలుబులు దాదాపు సగానికి తగ్గాయి. మామూలు జనానికి ఈ లాభం లేదు. మరోవైపు 2014లో నార్వేలో వెలువడిన అధ్యయనంలో రోజుకు 1000 మిల్లీగ్రాముల సి, 235 మిల్లీగ్రాముల ఇ 11 వారాలు వేసుకున్నవాళ్ల కండరాల్లో, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా శిక్షణతో పెరగాల్సినంత పెరగలేదు. శిక్షణ తర్వాత కండరంలో పుట్టే ఆక్సీకరణ ఒత్తిడే పెరగమని చెప్పే సంకేతం. దాన్ని మాత్రతో ఆర్పేస్తే శిక్షణ ఫలితం తగ్గుతుంది.

మా అభిప్రాయం: మే నుంచి అక్టోబరు దాకా విటమిన్ సి మాత్రలు వద్దు, పండ్లు, క్యాప్సికం, బ్రకోలీ చాలు. వరుస రేసులు, విమాన ప్రయాణాలు ఉన్న రెండు మూడు వారాల్లో 250 మిల్లీగ్రాముల సి వేసుకోవచ్చు. విటమిన్ ఇ మాత్ర ఎప్పుడూ అక్కర్లేదు.

జింక్ చప్పరించే బిళ్లలు జలుబు మొదలైన 24 గంటల్లోపు, రోజు మొత్తం మీద 75 మిల్లీగ్రాములకు పైగా, కొద్ది రోజులు వాడితేనే పనిచేస్తాయి. తర్వాత ఆపాలి. మామూలు రోజుల్లో 40 దాటకూడదు. నెలల తరబడి వాడితే ఒంట్లో రాగి (కాపర్ అనే ఖనిజం) తగ్గిపోయి, రక్తహీనతే మళ్లీ వస్తుంది.

7. ఉప్పు

చలిలో దాహం వేయదు, చెమట కనిపించదు. చలికి మూత్రం మాత్రం ఎక్కువ వస్తుంది. స్కీయింగ్‌కు ముందు, తర్వాత తూకం వేసుకోండి. తడిసిన బట్టలన్నీ తీసేసి, ఒళ్లు తుడుచుకుని మరీ చూడాలి. చెమటంతా లోపలి పొరల్లోనే ఉంటుంది కాబట్టి బట్టలతో తూగితే అరకిలో దాకా తేడా దాగిపోతుంది. తగ్గిన కిలోకు ఒక లీటరు లెక్క. ఆ లీటరులో దాదాపు ఒక గ్రాము సోడియం పోయి ఉంటుంది. గోరువెచ్చని డ్రింకును వేడి నిలిపే నడుము సీసాలో పెట్టుకోండి. మైనస్ 12లో మామూలు సీసా మూత గడ్డకట్టుకుపోయి, ఉప్పు, నీరు రెండూ అందవు.

8. శిబిరంలో ఒక రోజు

లివిన్యోలో అక్టోబరు శిబిరం, ఇనుము మాత్ర మీద ఉన్న మహిళా స్కీయర్. ఉదయం 6:30కి మాత్ర, 200 మిల్లీలీటర్ల నారింజ రసంతో. 7:30కి రై బ్రెడ్డు మీద టొమాటోలో వండిన డబ్బా మాకరెల్, జామ్, గుడ్డు, అరటిపండు. కాఫీ, పాలల్లో వండిన 100 గ్రాముల ఓట్స్ 8:30కి. ఇలా విడదీస్తే శిక్షణకు ముందే ఇనుముకు రెండు గంటలు దక్కుతాయి. శిక్షణ 9:30 నుంచి 11:30. మధ్యాహ్నం పాస్తా, 120 గ్రాముల కీమా, సగం ఎర్ర క్యాప్సికం. మూడింటికి పెరుగు, పండు. రెండో శిక్షణ. రాత్రి 150 గ్రాముల సాల్మన్, బంగాళాదుంపలు, బ్రకోలీ, విటమిన్ డి. పడుకునే ముందు పాలు, చీజ్ బ్రెడ్డు. కాల్షియం మాత్ర లేకుండానే 1000 దాటిపోతుంది.

9. డబ్బా కొనే ముందు

నిషిద్ధ పదార్థాలకు పరీక్ష చేశామని చెప్పే ఇన్ఫార్మ్‌డ్ స్పోర్ట్ లేదా ఎన్ఎస్ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్ గుర్తు చూడండి. గుర్తు ఉంటే చాలదు, డబ్బా మీది బ్యాచ్ నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో దొరకాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఆహార భద్రతకు సంబంధించింది, డోపింగ్ పరీక్షకు హామీ కాదు. విడిగా కట్టిచ్చే భస్మాలు, లేహ్యాలకు బ్యాచ్ పరీక్ష ఉండదు. వాటిలో సీసం, పాదరసం దొరికిన సందర్భాలూ ఉన్నాయి.

ఒకే బ్యాచ్‌వి రెండు డబ్బాలు కొని ఒకటి సీలు విప్పకుండా దాచండి. బిల్లు, బ్యాచ్ నంబరు ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి. డోపింగ్ పరీక్షకు శాంపిల్ ఇచ్చేటప్పుడు ఫారంలో గడిచిన ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు అడుగుతారు. విటమిన్ డి చుక్కలు, చప్పరించిన జింక్ బిళ్లతో సహా, బ్రాండు పేరుతో అన్నీ రాయండి.